పెట్టెలో పట్టాలి

పొడవు రెండొందల ఇరవై అయిదు.
ఎత్తు నూట యాభై. మందం నలభై అయిదు.
అన్నీ మిల్లీమీటర్లే, బతిమాలినా వినని మిల్లీమీటర్లు.
ఖాళీ మ్యాగజైను తొడిగిన పిస్తోలు
నేను చేసిన ఈ అల్యూమినియం పెట్టెలో పడుకోవాలి.
గొట్టం మూతికి కంపెన్సేటర్ పెట్టుకో,
ఎర్రచుక్క సైటు పెట్టుకో,
ట్రిగ్గర్ని వెన్నపూస చేసుకో,
రూలు పుస్తకం ఏమీ అనదు.
పెట్టెలో దిగాలి. వేలితో నొక్కకుండా దిగాలి.
అంతే.

ఇబ్రహీంపట్నం దాటాక పాత క్వారీ గోతిలో పోటీ.
రోహిణి కార్తెకి రోళ్లు పగులుతాయంటారు,
ఇక్కడ పగలడానికి ఏం మిగల్లేదు,
క్రషర్లు ముందే నమిలేశాయి.
షామియానా కింద నా బల్ల, తడిగుడ్డ, రిజిస్టరు.
దూరంగా థర్మల్ గొట్టాలు
తీరిగ్గా పొగ వదులుతున్నాయి.

ఆటోనగర్లో నలభై ఏళ్లు లేత్ తిప్పినవాణ్ణి.
ఖాసిం కొలిస్తే కొలిచినట్టే అంటారు.
ఆ మాట నాకు చెవిలో పెట్టుకున్న అత్తరు దూది.

పదిహేడో నంబరు, దీవెన.
నల్లపాడు పిల్ల, స్పిన్నింగ్ మిల్లులో లెక్కలు రాస్తుంది.
లైసెన్సు కాగితాలకే మూడేళ్లు తిరిగింది.
ఆ పిస్తోలు నాకు తెలియందా!
మొన్న శనివారం నా షాపులోనే
మ్యాగజైను అడుగుకి ఇత్తడి బిళ్ల కట్టాను,
వెర్నియర్ పట్టి చూశాను,
"నూట నలభై తొమ్మిదీ పాయింట్ తొమ్మిది. పోయిరా తల్లీ" అన్నాను.
చేసినవాడే కొలవడం బాగుండదని
ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

పిస్తోలు సగం దిగింది.
ఆగింది.

తిప్పి పెట్టాను. తుడిచి పెట్టాను.
బిస్మిల్లా అనుకుని పెట్టాను.
ఇత్తడి బిళ్ల పెట్టె గోడని పట్టుకుని
చంటిపిల్లాడు గుమ్మం పట్టుకున్నట్టు, రానంటోంది.
వెనక వరసలో ఎవరో దగ్గారు.
బొటనవేలు దానంతటదే బిళ్ల మీదికి వెళ్లింది.
కాస్త, ఒక్క కాస్త నొక్కితే...
వేలు వెనక్కి తీసుకున్నాను.

"పట్టలేదా బాబాయ్?"
"పట్టలేదమ్మా."
"మీరే కదా..."
మిగతా మాట ఆమె మింగేసింది.
నేను రిజిస్టర్లో మాడిఫైడ్ కొట్టేసి ఓపెన్ అని రాశాను.
అంటే పెట్టె లేని విభాగం,
బారెడు తుపాకులవాళ్ల విభాగం.
ఆమె సంతకం పెట్టింది. నా పెన్ను నాకిచ్చింది.
కోప్పడి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నం బజర్ మోగింది.
పరుగు, మోకాలు, గోడ పక్కనుంచి రెండు, మళ్లీ పరుగు.
ఇనప పళ్లేలు ఒక్కోటీ టంగుమని పడుతున్నాయి.
చూడలేదు నేను. విన్నాను. ఒక్కటే తప్పింది.
పంతొమ్మిదిమందిలో పదకొండో స్థానం.
మాడిఫైడ్లో అయితే ఎన్నోదో
లెక్క కట్టొద్దనుకుంటూనే కట్టాను.

రాత్రి షాపు షట్టరు సగం దించి
పెట్టెని తిట్టడానికి కూర్చున్నాను.
పాలిటెక్నిక్ వాళ్ల గేజి దిమ్మెలు అరువు తెచ్చి పెట్టాను.
పెట్టె సరిగ్గానే ఉంది.
అప్పుడు వెర్నియర్ తీశాను.
దవడలు మూశాను. సున్నా దగ్గర సున్నా.
ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకున్నాను.

మూసిన దవడల మధ్య
సన్నగా, నిలువుగా, వెలుగు.

రెండు నెలల కిందట చేతిలోంచి జారింది.
ఒక్కసారి టింగుమంది.
ప్యాంటుకి తుడిచి జేబులో పెట్టుకున్నాను.
కొనలో చిన్న బుడిపె, గోటికి తప్ప కంటికి అందనిది.
రెండు వెంట్రుకల మందం అబద్ధం
అరవై రోజులుగా నా జేబులో ఉంది.

దీవెనది ఒక్క పిస్తోలు.
పెట్టె ఉంది కాబట్టి దొరికింది.
ఆ బుష్షులు? చిలకలూరిపేట లారీకి వేసినవి ఆరు.
గుంటూరు కారం మిల్లు షాఫ్టు?
ఉయ్యూరు చెరుకు ట్రాక్టరు పిన్ను?
వాటికి ఏ పెట్టె ఉంది?

బైపాస్ మీద లారీలు పోతున్నాయి.
ఒక్కోదాని చప్పుడు చివరిదాకా వింటున్నాను,
ఎక్కడైనా వదులుగా కొట్టుకుంటుందేమోనని.

బిల్లు పుస్తకం తెరిచాను.
మొదటి నంబరు మిల్లు వెంకటరత్నంగారిది.
పదకొండున్నర దాటింది.
రింగవుతోంది.